ఆదివారం ఆరిన బట్టలు

సూలవా దీవిలో మనుషులుండే ఇళ్ళు రెండే. రెండింటికీ మధ్య గోడ ఒకటే. గోడకి ఇటు నేనూ, దీపస్తంభంలో చిన్న కీపర్ అయిన మా ఆయన టార్మాడూ, అటు దీపస్తంభం పెద్ద కీపర్ గిల్‌క్రిస్టూ, ఆయన భార్య బెథియా. ఆవిడ కెటిల్ మూత తీస్తే నాకు వినిపించేది, నేను ముక్కు చీదితే ఆవిడకి వినిపించేది. అయినా మేం మాట్లాడుకున్నది తక్కువ. ఆవిడ తూర్పు తీరపు మనిషి, పద్ధతి గల ఇంట్లో పెరిగింది. నేను ఎదురు ఒడ్డున క్రావిగ్ పల్లెలో హెర్రింగ్ చేపల వాసన మధ్య పుట్టినదాన్ని. నేను ఇల్లు ఊడ్చే తీరు ఆవిడకి నచ్చలేదు. ఆవిడ మూతి తిప్పే తీరు నాకూ నచ్చలేదు.

పెళ్ళయి వచ్చిన రోజున నన్ను ఆ దీవి మీదికి ఎక్కించింది క్రేన్. రేవు అని పిలిచేదానికి మెట్లు లేవు, నిలువు కొండ. కింద పడవలో బొగ్గు పెట్టెలో కూర్చోబెట్టి, అంతకుముందే ఆవుని లేపినట్టు నన్నూ పైకి లేపారు. పైనుంచి టార్మాడ్ నవ్వుతున్నాడు, గాల్లో ఊగుతూ నేనూ నవ్వుతున్నాను. ఎక్కడం మన ఇష్టమే గాని దిగడం సముద్రం ఇష్టమని అప్పుడు తట్టలేదు. కొత్త పెళ్ళికూతురికి ఏం తడుతుంది కనక.

ఏడాది తిరిగేసరికి నాకు నెలలు నిండుతున్నాయి. సెప్టెంబరు పడవలో దిగి, క్రావిగ్‌లో మా అమ్మ దగ్గర కని, చలి తగ్గాక బిడ్డనెత్తుకుని తిరిగి రావాలని ఏర్పాటు. పడవ చెప్పిన రోజుకే వచ్చింది. మూట కట్టుకుని కొండ అంచున నిలబడ్డాను. కింద పడవ నడిపే మర్డో మెకాస్కిల్ నాకు చిన్నప్పటినుంచీ తెలిసిన మనిషి, మా చర్చి సంఘంలో పెద్ద. ఆయన గడ్డంలో నెరిసిన వెంట్రుకలు కూడా కనిపించేంత దగ్గరికి వచ్చారు. కానీ రాతి అడుగున అల ఇంటెత్తు లేచి పడుతోంది. పడవ రెండుసార్లు ముందుకొచ్చి రెండుసార్లూ వెనక్కి జారింది. మర్డో తలమీద టోపీ తీసి నా వైపు ఊపి, తెడ్లు తిప్పమన్నాడు.

తర్వాత ఇంకోసారి వచ్చింది, ఇంకోసారి తిరిగిపోయింది. ఆ తర్వాత రావడమే మానేసింది. అక్టోబరు వచ్చింది.

ఆ దీవి ఎంతంటే, పొయ్యి మీద బంగాళాదుంపలు పెట్టి బయల్దేరితే, చుట్టూ తిరిగి వచ్చేసరికి ఇంకా ఉడకవు. రోజూ తిరిగేదాన్ని. ఎటు పోయినా నాలుగడుగుల్లో అంచు, అంచు దాటితే నీళ్ళు. కుండలో పడ్డ ఎలుకకి కనీసం గోడలు కనిపిస్తాయి. నాకు చుట్టూ ఆకాశమే, అయినా పోవడానికి దారి లేదు. ఇంట్లోకొస్తే గాలి మోత. నా మాట నాకే వినపడనంత మోత. రాత్రి కళ్ళు మూస్తే ఆ దీపం తిరిగే వెలుగు రెప్పల మీద నడిచేది. నాకు భయం వేసేది. భయం కంటే ఎక్కువగా కోపం వచ్చేది. ఆ కోపమంతా మా ఆయన మీద తీర్చుకునేదాన్ని. టార్మాడ్ నోట్లో నాలుక లేని మనిషి. నేను ఏమన్నా ఊఁ కొట్టి, నా కాళ్ళ దగ్గర కూర్చుని దీపం ఇత్తడి గిన్నెలు తోముకునేవాడు. ఎదురు చెప్పే మొగుడైనా కొంత నయం అనిపించేది.

ఒక మధ్యాహ్నం బెథియా తలుపు కొట్టకుండా లోపలికి వచ్చింది. పడుకోమంది. ఎందుకన్నాను. నడక చూస్తున్నాను, బాగాలేదు, పడుకో అంది. వాళ్ళమ్మ మంత్రసాని అని అప్పుడే తెలిసింది నాకు. ఐసుముక్కల్లాంటి చేతులతో నా పొట్ట చుట్టూ తడిమింది, నొక్కింది, ఆగింది, మళ్ళీ నొక్కింది.

"అడ్డంగా ఉంది పిల్లా" అంది.

"ఏంటి అడ్డంగా ఉంది?"

"నీ బిడ్డ. తల ఈ పక్క, కాళ్ళు ఆ పక్క. ఇట్లాగే ఉంటే బయటికి రాదు. తిప్పేవాళ్ళ చేతిలో పడాలి. మా అమ్మ తిప్పేది. నాకు చేతకాదు."

రొట్టె మాడిందన్నట్టు చెప్పింది. నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. కెటిల్ పొయ్యి మీద పెట్టి, టీ కాచి, నేను తాగేదాకా నిలబడి, కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

క్రావిగ్‌లో తిప్పగల ముసలమ్మ ఉంది. కాబట్టి ఇక మిగిలింది ఒకటే సంగతి. నొప్పులు మొదలయ్యేలోపు నేను ఆ కొండ దిగాలి, లేకపోతే ఇద్దరం పోతాం.

పడవని పిలవడానికి పద్ధతి ఉంది. జెండా కర్రకి పెద్ద నల్ల గోళం ఎక్కిస్తే క్రావిగ్‌లో కాపలా మనిషి దుర్బిణిలో చూసి కబురు పెడతాడు. ఆ గోళం ఉన్న గది తాళంచెవి గిల్‌క్రిస్ట్ నడుముకి ఉండేది. గోడ అవతల బెథియా ఆయనకి సంగతంతా చెప్పడం విన్నాను. ఆయన జవాబూ విన్నాను. జబ్బుకీ ప్రమాదానికీ గోళం ఎక్కించమని నిబంధన ఉంది, కడుపుతో ఉండటం జబ్బు కాదు అన్నాడు. అలలు తగ్గితే పడవ ఎలాగూ వస్తుంది, తగ్గకపోతే పిలిచినా రాలేదు అన్నాడు. అందులో తప్పేముంది చెప్పండి. ఆ మనిషి మాటల్లో ఎప్పుడూ తప్పు దొరికేది కాదు.

ఆయన చెడ్డవాడని నేననను. చెడ్డవాడైతే తిట్టుకుని హాయిగా ఉండేదాన్ని. నా బొగ్గు ఆయనే మోసేవాడు. తన వంతు డబ్బాపాలు నా గుమ్మంలో పెట్టి మాట్లాడకుండా పోయేవాడు. కానీ నిబంధన అన్నాక నిబంధనే, ఆదివారం అన్నాక ఆదివారమే. శనివారం చీకటిపడేలోపు రెండిళ్ళకీ నీళ్ళు తోడి పెట్టాలి, దుంపలు చెక్కు తీయాలి, బూట్లకి నలుపు పట్టించాలి. ఆదివారం దీపం పని తప్ప వేలు కదలకూడదు. మా క్రావిగ్‌లోనూ అంతే, అందులో వింతేం లేదు. కానీ మా ఊళ్ళో పిల్లలు దొంగచాటుగా ఈల వేస్తారు. సూలవాలో ఈల వేయడానికి పిల్లలు కూడా లేరు.

ఒకడు ఉండేవాడు. నేను రాకముందు సంగతి.

ఒక శుక్రవారం రాత్రి గాలి దిశ మారింది. శనివారం పొద్దున ఎండ కాసింది. అన్ని వారాల తర్వాత మొదటి పొడి రోజు. బెథియా నీళ్ళు కాచి, పరుపు దుప్పట్లన్నీ ఉతికి, ఇంటి ముందు వాలులో తాడు మీద ఆరేసింది. క్రావిగ్ వైపు వాలు అది. అలలు ఇంకా రేవు రాతిని కొడుతూనే ఉన్నాయి గాని పొద్దుగూకే వేళకి మెత్తబడ్డాయి. మర్నాటికి సముద్రం నున్నగా ఉంటుందని నాకే తెలుస్తోంది. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని కదా.

టార్మాడ్ దీపం గదినుంచి దిగి వచ్చి నా మొహం చూడకుండా చెప్పాడు. బారోమీటర్ పడిపోతోందట. ఆదివారం ఒక్కరోజే నెమ్మది, సోమవారానికి పెద్ద గాలి. అది వచ్చిందంటే ఎన్ని వారాలో ఎవరికీ తెలియదు. పెద్దాయనకి చెప్పావా అని అడిగాను. చెప్పాడట. ఆయన కూడా చూశాడట. గాలి రావచ్చు, రాకపోవచ్చు, క్రావిగ్ వాళ్ళు సోమవారం పొద్దున్నే బయల్దేరతారు, అనుమానం మీద ఆరుగురు మగాళ్ళ చేత ఆదివారాన్ని మీరించే హక్కు నాకు లేదు అన్నాడట.

"నువ్వేమన్నావు?" అన్నాను.

టార్మాడ్ వంగి బూట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ఏమంటాడు, నోట్లో నాలుకుంటే కదా.

చీకటి పడబోతుంటే బయటికి వచ్చి చూస్తే తాడు మీద దుప్పట్లు అట్లాగే ఉన్నాయి. బెథియా మర్చిపోయిందేమో, మాట పడుతుందని తీయబోయాను. నా పొట్టతో ఆ వాలు దిగడమే కష్టం. ఆవిడ గుమ్మంలో నిలబడి వద్దంది.

"రేపు ఆదివారం కదండీ" అన్నాను.

"తెలుసు. ఇంకా ఆరలేదు, ఉండనీ."

ఆరాయి. నా చేతిలో ఉంది ఆ గుడ్డ, గలగలలాడుతోంది. నేను ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా వైపు చూడకుండా, ఎదురు ఒడ్డు వైపు చూస్తూ అంది.

"మా జేమీకి గొంతు పట్టేసినప్పుడు కూడా ఆయన సోమవారమే అన్నాడు."

ఆ పేరు ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. సంగతి మాత్రం క్రావిగ్‌లో అందరికీ తెలుసు. మూడేళ్ళ పిల్లాడు. శనివారం రాత్రి దగ్గు మొదలై ఊపిరి ఆడలేదు. ఆదివారం సముద్రం పాలగిన్నెలా ఉంది. గోళం ఎక్కించలేదు. సోమవారం గాలి వచ్చింది. మంగళవారం పిల్లాడు పోయాడు. ఇంటి వెనక ఆవు రాకుండా చిన్న గోడ కట్టిన చోటు ఉంది, అక్కడ పెట్టారు. మా ఊళ్ళో కొందరు గిల్‌క్రిస్ట్‌ని తిట్టారు, కొందరు గొప్ప భక్తుడన్నారు. బెథియాని ఎవరూ ఏమీ అడగలేదు. ఆదివారం కదా, ఆవిడా ఊరుకుంది.

"లోపలికి పో పిల్లా, చలి" అంది.

మర్నాడు పొద్దున ప్రార్థనకి ఎప్పటిలాగే వాళ్ళింటికి వెళ్ళాం. గిల్‌క్రిస్ట్ నల్లకోటు వేసుకుని, బైబిలు తెరిచి, కళ్ళజోడు సర్దుకుంటూ కిటికీలోంచి చూశాడు. వాలు మీద తెల్లగా నాలుగు దుప్పట్లు. గాలి లేదు, కదలకుండా వేలాడుతున్నాయి.

"అవేంటి?" అన్నాడు.

"బట్టలు" అంది బెథియా.

"తీసెయ్యి."

"ఆదివారం నన్ను పని చేయమంటారా మిస్టర్ గిల్‌క్రిస్ట్?"

పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ మొగుణ్ణి మిస్టర్ గిల్‌క్రిస్ట్ అనే పిలిచేది, వంటింట్లో కూడా. సొంత పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఆయన టార్మాడ్ వైపు తిరిగాడు. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. విశ్రాంతి దినాన నువ్వు గాని, నీ పనివాడు గాని ఏ పనీ చేయకూడదని దేవుడి ఆజ్ఞలోనే ఉంది. ఇక మిగిలింది ఆయన రెండు చేతులే. అవీ ఆదివారపు చేతులే. ఆరేయడం పనైతే తీయడమూ పనే. తాను కట్టిన బోనులో తానే ఇరుక్కుని ఆ మనిషి కిటికీ ముందు అట్లా నిలబడిపోయాడు. ఇంకో రోజైతే నాకు నవ్వాగేది కాదు. ఆ రోజు నా కళ్ళు కిటికీ అవతల నీళ్ళ మీదే ఉన్నాయి. ఆయన చివరికి కిటికీకి వీపు పెట్టి కీర్తన అందుకున్నాడు. గొంతు రెండుసార్లు తప్పింది.

క్రావిగ్‌లో ఏం జరిగిందో మర్డో తర్వాత చెప్పాడు. చర్చి మెట్ల మీదే జనం ఆగిపోయారట. దుర్బిణి చేతులు మారిందట. బట్టలు అన్నారట ఒకరు. బట్టలేంటి, ఆదివారం, అందులోనూ గిల్‌క్రిస్ట్ ఇంట్లో! ప్రాణం ఉండగా బెథియా ఆదివారం తాడు మీద గుడ్డ వదలదు, ఆ ఇంట్లో తీసేవాళ్ళు మిగల్లేదు అని ముసలమ్మలు తేల్చేశారట. పాదిరి గారు లోపల ప్రార్థన సగంలో ఆపి బయటికి వచ్చి, పొండి, ఇది దయగల పని, దేవుడు క్షమిస్తాడు అన్నారట. మా అమ్మ చర్చి గుమ్మంలో కూలబడిందట.

పడవని ముందు చూసింది నేనే. కొండ అంచుకి పరుగెత్తాను, పరుగనేదేదైనా ఉంటే. నా వెనక మిగతా ముగ్గురూ వచ్చారు. కింద నీళ్ళు నున్నగా ఉన్నాయి. నల్లకోట్లలో ఆరుగురు, చర్చినుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే. మర్డో తల పైకెత్తి ఎవరు పోయారని అరిచాడు. ఎవరూ పోలేదని టార్మాడ్ కిందికి చెప్పాడు.

తర్వాత మర్డో తాడు పట్టుకుని రాతి పగుళ్ళ మీదుగా తనే ఎక్కి వచ్చాడు. ఆ వయసులో ఎట్లా ఎక్కాడో. మా నలుగుర్నీ వరసగా చూశాడు, తర్వాత వాలు మీద దుప్పట్లు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

బెథియా అడక్కముందే చెప్పింది. బిడ్డ అడ్డంగా ఉంది, రేపు గాలి వస్తుంది, ఈ పిల్లని తీసుకుపోండి అంది. మర్డో నన్ను అడిగాడు, నొప్పులు వస్తున్నాయా అని. అబద్ధం ఆడదామనుకున్నాను. చిన్నప్పుడు చర్చిలో నాకు బైబిలు ప్రశ్నోత్తరాలు నేర్పించిన మనిషి ఎదురుగా నోరు రాలేదు. లేదన్నాను.

మర్డో చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. కఠినుడు కాదాయన, ఆయనా ఇరుక్కునే ఉన్నాడు. చచ్చారనుకుని వచ్చారు, బతికే ఉన్నారు. సగం ఊరు ప్రార్థన వదిలి ఒడ్డున నిలబడి ఉంది. వెళ్ళి ఏం చెప్పాలి, బట్టలు ఆరేస్తే వెళ్ళామని చెప్పాలా?

"అమ్మా, మీరు చెప్పింది నేను నమ్మకపోవడం కాదు" అన్నాడు బెథియాతో. "కానీ రేపు సంఘం ముందు నిలబడేది నేను, ఆ ఐదుగురూ. ఎవరు పిలిచారని అడుగుతారు. ఉతికిన గుడ్డ పిలిచిందని చెప్పలేను. ఇక్కడ పిలవాల్సిన మనిషి ఒకడే."

గిల్‌క్రిస్ట్ వైపు తిరిగాడు.

"గిల్‌క్రిస్ట్ గారూ, మమ్మల్ని మీరు పిలిచారా, లేదా? పిలిచారంటే పిల్లని దించుతాం. లేదంటే వచ్చిన దారినే పోతాం. రేపు సముద్రం ఊరుకుంటే వస్తాం."

రేపు. పట్టుకోవడానికి క్రేన్ ఇనుప కాలు తప్ప ఏమీ లేదు, దాన్నే పట్టుకున్నాను. టార్మాడ్ నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. బెథియా మొగుడి వైపు చూడలేదు. ఎప్రన్ కింద చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. ఆవిడ చేయగలిగింది చేసేసింది.

గిల్‌క్రిస్ట్‌కి అబద్ధం ఆడటం తెలియదు. ఆయన ఒక్క మాట నిజం చెబితే చాలు, భార్యకి ఊళ్ళో తలెత్తుకునే వీలుండదు, నాకు బతుకు ఉండదు. ఒక్క మాట అబద్ధం చెబితే, జీవితమంతా కట్టుకున్న పేరు తనే కూల్చుకుంటాడు. ఆరుగురి చేత ఆదివారాన్ని మీరించినవాడు అవుతాడు, అది కూడా కడుపుతో ఉన్న ఆడదాని కోసం, నిబంధనల్లో లేని పనికి. చేయి నడుము దగ్గరికి పోయి తాళంచెవులు పట్టుకుంది.

"నేనే పిలిచాను" అన్నాడు.

మర్డో కళ్ళు చిట్లించాడు. "మరి గోళం ఎక్కించలేదేం?"

"దుప్పట్లయితే బాగా కనపడతాయని... నేనే ఆరేయమన్నాను. మా ఆవిడ తప్పేం లేదు. సంఘం ముందు నా పేరు చెప్పండి."

అది అబద్ధమని మర్డోకి తెలుసుననే నా నమ్మకం. టోపీ పెట్టుకుని, త్వరగా కానివ్వండి అన్నాడు.

మీ మనసులో ఉన్నది ముందే చెప్పేస్తాను, ఆత్రపడకండి. నా కూతురు క్రావిగ్‌లో మా అమ్మ ఇంట్లో పుట్టింది, బయట ఇంటికప్పులు ఎగిరిపోయే గాలిలో. తిప్పే ముసలమ్మ చెమటలు కక్కింది, నేను కేకలు పెట్టాను, ఇద్దరం బతికాం. సూలవాకి నవంబరు చివరిదాకా పడవ పోలేదు. సంఘం గిల్‌క్రిస్ట్‌ని పిలిచి మందలించింది, ఆ ఏడాది చర్చిలో రొట్టే ద్రాక్షరసమూ పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఆయన తల వంచుకుని విన్నాడట. ఊళ్ళో కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళ ఇళ్ళకి నేను మళ్ళీ పోలేదు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. ఆ రోజు నన్ను బొగ్గు పెట్టెలో కూర్చోబెట్టారు. టార్మాడ్ చేతులు వణకకుండా క్రేన్ పట్టుకున్నాడు. ఆ విషయంలో మాత్రం అతనికి నేను ఎన్నటికీ వంక పెట్టను. పెట్టె లేచి, కొండ అంచు దాటి, గాల్లో ఆగింది. మర్డో అప్పటికే దిగిపోయాడు. అంచున గిల్‌క్రిస్టూ బెథియా పక్కపక్కన నిలబడ్డారు. నా తల సరిగ్గా వాళ్ళ పాదాల ఎత్తులో ఉంది. నా బిడ్డ బతుకుతుందన్న సంతోషంలో నాకు వాళ్ళిద్దరి కాళ్ళూ మొక్కాలనిపించింది. నిజంగా అనిపించింది.

అప్పుడు బెథియా మొగుడి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. ఎవరూ వినాలని అన్న మాట కాదది.

"ఆ ఆదివారం ఈ నోరు ఎక్కడికి పోయింది, ఆండ్రూ?" అంది.

పెట్టె కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆయన జవాబు చెప్పాడేమోనని చెవులు రిక్కించి విన్నాను. గొలుసు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.